నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు

ఒడియా కేలండర్‌లో అయిపోయిన నెల కాగితం చింపి
వెనక తెల్లటి వైపు నడిమికి గీత గీశాను.
ఎడమన సింగపూర్, కుడిన కౌలాలంపూర్.
చీటీ పాడింది నిజానికి ఇంటి పైకప్పుకి.
"రేకులు ఇంకో రెండు వానలు ఆగుతాయిలే"
అన్నాడు దండాసి, తలెత్తకుండానే,
కొమ్ముతో చేసిన కొంగ మెడకి మెరుగు పెడుతూ.

లిప్సకి నీళ్ళు కక్కే సింహం కావాలి.
చక్రికి జంట గోపురాలు,
వాటి నడుమ ఆకాశంలో వేలాడే వంతెన.
నన్నెవరూ అడగలేదు.
కాగితం మూల పెన్సిల్‌తో నేనే రాసుకున్నాను:
ఒక పూట, ఏమీ చూడకుండా,
ఇంకెవరో కాచిన టీ.

దండాసి అడిగింది ఒకటే,
కొంగని వెంట తీసుకెళ్ళనిస్తారా అని.
లిప్స ఫోన్ చూసి పెదవి విరిచింది.
అతను కొంగ కంట్లో పొడి ఉఫ్‌మని ఊది
మళ్ళీ అలమర్లో పెట్టేశాడు.

చిక్కంతా మా అత్త పేరుతో వచ్చింది.
ఆధార్‌లో దాలమ్మ, ఓటరు కార్డులో డాలామా,
రేషన్ కార్డులో దలాయమ్మ.
తెలుగులోంచి ఒడియాలోకి, ఒడియాలోంచి ఇంగ్లీషులోకి
దిగినచోటల్లా ఓ అక్షరం జారవిడిచిన పేరు.
"కేఉఁటా ఠిక్?" అన్నాడు గుమాస్తా.
"ముగ్గురమూ నానే బాబూ,
ఒక టిక్కెట్టే సాలు" అంది.

ఆ రాత్రి పిల్లలు వంతెన, వంతెన అంటుంటే
పప్పు కలుపుతూ ఆగింది దాలమ్మ.
"ఏ వంతెనర్రా?"
గోపురాలది కాదు, ఇంకోటుంది మామ్మా,
రెండు దేశాల మధ్య, సముద్రం మీద.
లిప్స చదివింది:
అటు ఇల్లు, ఇటు పని,
తెల్లారకముందే లేచి, స్కూటర్ల మీద, బస్సుల్లో
లక్షల మంది రోజూ దాటుతారు,
సాయంత్రం తిరిగి దాటుతారు.

దాలమ్మ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.
నలభై ఏళ్ళు పాతపట్నం నుంచి పర్లాకిమిడికి
మహేంద్రతనయ దాటి మునక్కాడలు మోసిన మనిషి.
బియ్యం దాటనివ్వని రోజుల్లో
గంప అడుగున బియ్యం, పైన చింతపండు,
ఆ పైన ఏమీ తెలీని ముఖం.
"ఆల్లకీ గేటు కాడ తడుముతారేటి?"
ముద్ర వేస్తారట మామ్మా.
"రోజూనా? పుస్తకం సాల్తాదేటి?"
కాసేపటికి, మంచినీళ్ళు తాగి,
"సింహం మీరు సూసుకోండి.
నాకది సూపించండి" అంది.

విమానం గంట. బస్సు ఆరు గంటలు.
రబ్బరుతో గీత చెరిపాను.
సింగపూర్ ఇటు జరిగింది, కౌలాలంపూర్ అటు జరిగింది,
మధ్యలో బస్సు వచ్చి కూర్చుంది, ఒక పగలంతా.
ఏదో ఒకటి పోవాలి.
చక్రి గోపురాలు వదలడు.
లిప్స సింహం మీద చెయ్యి పెట్టేసింది.
నా పెన్సిల్ పూట మీదికి పోయింది రబ్బరు,
ఆగింది.
దారి పొడుగునా పామాయిల్ తోటలేనట,
చూడ్డానికి ఇంకేమీ లేదట.
ఏమీ లేకపోతే అది నాదే కదా.
కిటికీ పక్క సీటు అని దాని కిందే రాశాను.
టీ సంగతి మాత్రం తేలలేదు.

మర్నాడు అద్దెకి తెచ్చిన చక్రాల పెట్టెని
గుడ్డ చుట్ట చేసి నెత్తి మీద పెట్టి చూస్తోంది దాలమ్మ.
ఏడు కిలోలే పైన తీసుకెళ్ళనిస్తారంటే
"ఏడా! నా గంప ఇరవై" అని నవ్వింది.
చక్రాలున్నాయి అత్తా, లాగితే చాలు.
"మెట్లొస్తే?"
దానికి నా దగ్గర జవాబు లేదు.
పెట్టె దించి, చెమట తుడుచుకుని,
నా కాగితం మీద వేలు పెట్టింది,
సరిగ్గా రెండు ఊళ్ళ నడుమ,
చెరిపిన గీత మరక దగ్గర.
"ఆ గేటు కాడ లైను పెద్దదుంటాది.
తాగడానికి నీళ్ళుంటాయో నేదో
ముందే కనుక్కో."